కత్తెర ముట్టని ముడి

జూన్ 4

సుత్తి అత్తకి,

మేకు రాస్తోంది. "ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా?" అని ముందు ఓసారి తిట్టేసుకో. తరవాత తీరిగ్గా చదువుకోవచ్చు.

నీతో పని పడింది. కళ్ళజోళ్ళ కొట్టులో నా ఉద్యోగం సంగతి నీకు తెలుసు కదా, పొద్దున్నించి సాయంత్రం దాకా జనం చేత గోడమీది అక్షరాలు చదివించడమే. ఆ విసుగు వదిలించుకోవడానికి ఆదివారం మధ్యాహ్నాలు మా ఇంట్లో ఒక ఆట పెట్టుకున్నాం. బల్ల చుట్టూ కూర్చుంటాం. "పాడుబడ్డ కోట ముందు నిలబడ్డారు, తలుపు మూసి ఉంది" అంటూ నేను కథ చెప్తాను. మిగతావాళ్ళు తలో వేషం. మా వీధి దర్జీ ఆవిడ దొంగ, పళ్ళ డాక్టరు మంత్రగాడు, బస్సు డ్రైవరు కత్తివీరుడు. ఎవరేం చేస్తారో నోటితో చెప్తారు, అది అయిందో లేదో పాచిక వేసి తేలుస్తాం. నువ్వు నవ్వుతావని తెలుసు. వయసొచ్చినవాళ్ళం ఇంత గోల చేస్తామా అని నాకే నవ్వొస్తుంది.

చిక్కు ఎక్కడంటే, ఈ ఆటంతా మాటలే. మా బల్ల దగ్గరికి రావలసిన మనిషి ఒకాయన ఉన్నారు. మాట్లాడటం ఆయనకి కష్టం. మేం నోరు విప్పగానే లేచి వెళ్ళిపోతారు. కుడిచెయ్యి కూడా సరిగా సాయం రాదు. ఎడంచేతి వేళ్ళు మాత్రం ఊరుకోవు, ఏమీ దొరక్కపోతే చొక్కా గుండీనైనా తిప్పుతూ ఉంటాయి. ఆయన్ని మళ్ళీ నలుగురిలో కూర్చోబెట్టాలి, అత్తా. ఇలాగే గోడకేసి చూస్తూ ఉంటే మనిషి మాకు దక్కడేమోనని నాకు భయంగా ఉంది.

అందుకని "తలుపు తీశాను" అని అనేసి ఊరుకోవడం కాకుండా, బల్లమీద నిజంగానే ఒక పెట్టె ఉండాలి. దాన్ని చేత్తో తీస్తేనే కథ కదలాలి. బొమ్మల కొట్లన్నీ తిరిగాను. ఇనప రింగుల చిక్కులు దొరికాయి, జవాబు అట్టమీదే అచ్చేసి ఉంది. చెక్కముక్కలు చూపించారు, పాలుతాగే పిల్లలకి సరిపోతాయి. అంకెల తాళం ఒకటి బాగుందిగానీ చదివే పనున్నవి పనికిరావు. ఒంటిచేత్తో పట్టేవి, కాస్త బుర్రకి పనిపెట్టేవి, పెద్దమనిషికి చిన్నతనం అనిపించనివి కావాలి. కొట్టు మెట్లమీద నిలబడితే తాతయ్య ట్రంకుపెట్టెలు గుర్తొచ్చాయి. ఆ వెంటనే నువ్వు.

నాన్న బాగానే ఉన్నాడు.

నీ మేకు


జూన్ 13

ఒసేయ్ మేకూ,

తిట్టమన్నావు గనక తిట్టను. నువ్వు చెప్పినట్టు నేనెందుకు చేస్తాను?

ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు పాచికలన్న మాట దగ్గరే ఆగిపోయాను. ఇంట్లో పాచికలాడిస్తోందా, వాళ్ళ నాన్న గుడ్లప్పగించి చూస్తున్నాడా అని ఒళ్ళు మండింది. మళ్ళీ చదివితే డబ్బు మాట ఎక్కడా కనపడలేదు. పైసా పెట్టకుండా పాచికలు విసిరేవాళ్ళని మిమ్మల్నే చూశాను. సరే, బతికిపోయావు.

పెట్టెల కోసం ఊరంతా తిరిగి చివరికి నా దగ్గరికొచ్చావన్నమాట. ఇంట్లో బావి పెట్టుకుని వీధిలో నీళ్ళడిగినట్టుంది నీ వ్యవహారం. మా నాన్న కొట్టు నీకు సరిగా గుర్తుండదు, నువ్వు పుట్టేసరికే సగం ఖాళీ. రేకు వాసన, వార్నిషు వాసన, వానొస్తే పైకప్పు రేకు మోత. తాళంచెవి పారేసుకున్నవాళ్ళు పెట్టెలు తెస్తే మా నాన్న నాకొకటి, మీ నాన్నకొకటి ఇచ్చి, "పగలగొట్టారో, వీపు పగులుతుంది. తియ్యగలిగితే తియ్యండి" అనేవాడు. ఇక మా ఇద్దరికీ పోటీ. మీ నాన్న, ఆ వాగుడుకాయ, తీస్తున్నంతసేపూ వాగుతూనే ఉండేవాడు. మూత లేవగానే రేకుమీద అరచేత్తో దబదబా కొట్టి, "ఒకటోసారి! రెండోసారి! మూడోసారి!" అని వేలం పాడేవాడు. అది ఎక్కడ నేర్చాడో తెలీదు. పెద్దయ్యాక ఆ నోటితోనే వేలం హాల్లో బతికాడు. కాలు విరిగిన కుర్చీని కూడా పెళ్ళికూతుర్ని చేసి సాగనంపగలడు.

బాగుచేసిన పెట్టెని పురికొసతో కట్టి ఇచ్చేవాళ్ళం. అది మా కొట్టు ముడి. సరైన కొస లాగితే ఒక్కసారిగా ఊడి వస్తుంది, తప్పు కొస లాగితే బిగుసుకుపోతుంది. నేను కడితే తోక ఎడమవైపు, మీ నాన్న కడితే కుడివైపు. పని చెడితే ఎవరి చెవి మెలిపెట్టాలో మా నాన్నకి అలా తెలిసేది. దానికి కత్తెర పెట్టకూడదు. "కోసిన పురికొస పనికిరాదు, కోసినవాడు అసలే పనికిరాడు" అనేవాడు.

నీకు ఒక డబ్బాలో ఇంకో డబ్బా పెట్టి పంపుతున్నాను. ఒక ముడి విప్పితేనే ఇంకోటి కదులుతుంది. ఒంటిచేత్తో పట్టేటప్పుడు జారకుండా అడుగున సీసం ముక్క వేశాను. డబ్బాలూ పురికొసా నాకు తిరిగి రావాలి. కత్తెర పెట్టినవాళ్ళని నా పేరు చెప్పి బయటికి పంపు.

మీ నాన్న బాగానే ఉంటే మంచిదే. నెలకో ఉత్తరం రాసేవాడు, చలికాలం నించి ఒక్క ముక్క లేదు. నాకు కారణం తెలుసులే. కొట్టు ఖాళీ చేసినప్పుడు పచ్చపెట్టె అమ్మేశానని చెప్పాను. ఎవరో ఇచ్చి మళ్ళీ రాని పెట్టె అది, మా ఇద్దరికీ లొంగనిది అదొక్కటే. ఊపితే లోపల ఏదో గలగలమనేది. పిస్తోలు గుళ్ళని వాడు, ముత్యాలని నేను, కొట్టుకు చచ్చేవాళ్ళం. అసలది నా మంచం కిందే ఉంది. ఇస్తే వేలానికి పెట్టేస్తాడని అబద్ధం చెప్పాను. దానికి ఇంత అలకా? ఈ సంగతి వాడితో అనకు. ఉడకనీ.

రేకుమీద సుత్తి కొట్టి కొట్టి నా చెవులు మందగించాయి గనక ఫోను చెయ్యకు. రాయి.

అత్త


జూన్ 30

అత్తా,

నీ డబ్బా బల్లెక్కింది! జరిగింది జరిగినట్టు చెప్తాను, విను.

కథలో మావాళ్ళు నిద్రపోయిన రాజుగారి ఖజానా దాకా వచ్చారు. "ఇదిగో ఖజానా" అని నీ డబ్బా బల్లమీద పెట్టాను. పళ్ళ డాక్టరు మంత్రం వేస్తానన్నాడు. మంత్రాలకి ఈ ముడి ఊడదన్నాను. బస్సు డ్రైవరు తప్పు కొస పట్టుకుని లాగాడు, బిగుసుకుంది. ఇంకోసారి లాగాడు, ఇంకా బిగుసుకుంది. దర్జీ ఆవిడకి సహనం తక్కువ. సంచిలోంచి కత్తెర తీసేసింది.

అప్పుడు ఆయన వచ్చారు. మేం పిలవలేదు. గుమ్మంలోంచి గబగబా వచ్చి దర్జీ ఆవిడ చేతిమీద ఒక్కటిచ్చారు. కత్తెర కింద పడింది. ఆవిడ నోరు తెరిచేలోపల కుర్చీ లాక్కుని కూర్చుని డబ్బా ముందుకి జరుపుకున్నారు. ముడి తోకని బొటనవేలితో రాస్తూ చాలాసేపు అలాగే ఉన్నారు. తరవాత చూపుడువేలు దూర్చి, కాస్త సడలించి, లాగారు. ఎంత సులువుగా ఊడిందో! బస్సు డ్రైవరు నోరు మూసుకుని ఉండగా చూడటం మాకందరికీ అదే మొదలు.

లోపలి డబ్బా కూడా తీశారు. లోపల నేను పెట్టిన ఇత్తడి ఉంగరం దర్జీ ఆవిడకే ఇచ్చేశారు, దెబ్బ కొట్టినందుకు కాబోలు. ఆవిడ కరిగిపోయింది. కానీ మళ్ళీ మాటలు మొదలవగానే లేచి వెళ్ళిపోయారు. డబ్బాలు తీసుకుని మరీ వెళ్ళారు. అవి నీకు పంపుదామంటే వదలడం లేదు, తిట్టకు.

ఇంకోటి పంపవా? ఈసారి ఇంకాస్త కష్టమైంది. ఎక్కువసేపు కూర్చోవాలి ఆయన.

నాన్న అలిగాడని అనుకోకు. రాయడానికి బద్ధకం, అంతే.

మేకు


జూలై 9

మేకూ,

నేను చెవిటిదాన్నేగాని గుడ్డిదాన్ని కాను. ఎవరే ఆయన?

పిలవకుండా వస్తాడు, అడక్కుండా ముడి విప్పుతాడు, డబ్బాలు గుండెకి హత్తుకుని వెళ్ళిపోతాడు, నువ్వేమో "ఎక్కువసేపు కూర్చోవాలి ఆయన" అని రాస్తావు. నాలుగు కాగితాల ఉత్తరంలో మూడున్నర ఆయనే ఉన్నాడు. మీ అమ్మ పోయిన తరవాత నీ పెళ్ళిమాట ఎత్తేవాళ్ళే లేకపోయారని నేను దిగులు పడుతుంటే, నువ్వు సీసం ముక్కలేయించుకుని సంబంధం చూసుకుంటున్నావన్నమాట! నాకు సంతోషమేనే. కుడిచెయ్యి రాకపోతేనేం? రెండు చేతులూ బాగున్న మగాళ్ళు వాటితో ఏం ఉద్ధరిస్తున్నారో చూస్తూనే ఉన్నాం. మాట తక్కువైతే మరీ మంచిది. మీ నాన్నలాంటి వాగుడుకాయ ఇంటికొకడు చాలు. కాస్త వయసు మళ్ళినవాడేమో అనిపిస్తోంది, అది మాత్రం దాచకుండా రాయి.

ఇదిగో, నా పరీక్ష పంపుతున్నాను. ఈ డబ్బాకి తాళం లేదు, ముడి లేదు, మూత మాత్రం రాదు. పక్కల్లో రేకు నాలుకలున్నాయి, ఒక వరసలో నొక్కాలి. వరస తప్పితే మొదటికొస్తుంది. కోపిష్ఠివాళ్ళు దీన్ని గోడకేసి కొడతారు. కొట్టకుండా తీస్తే పిల్లనిస్తాం. తీశాక డబ్బాని పురికొసతో కట్టి నాకు పంపాలి. ఈసారి తప్పకుండా పంపాలి, నాకున్నది అదొక్కటే.

ఈయన సంగతి మీ నాన్నకి తెలుసా? తెలిసే ఉండి నాకు రాయలేదంటే మాత్రం ఊరుకోను. వాడికి వేరే ఉత్తరం రాసి పడేశాను. "ఒక రేకుపెట్టె కోసం అక్కని వదులుకునేవాడివైతే అలాగే కానీ, నేను కూడా ఇక ఆ ఇంటి గడప తొక్కను" అని రాశాను. దానిక్కూడా జవాబు రాకపోతే నా మాటమీద నేను నిలబడతాను. నా సంగతి నీకు తెలుసు.

అత్త


జూలై 21

అత్తా,

నాన్నకి రాసిన ఉత్తరం అందింది. నేనే చదివి వినిపించాను. ఏమీ అనలేదు. ఆ మాట మీద నిలబడకు అత్తా, ఈ ఒక్కసారి కూర్చో.

నువ్వడిగినదానికి జవాబు: ఆయన వయసు మళ్ళినవారే. నాన్నకి ఆయన సంగతి బాగా తెలుసు. తెలుసుగానీ అస్సలు పడటం లేదు. మొహం చూడటానిక్కూడా ఇష్టపడటం లేదు. ఇంతకంటే ఇప్పుడు రాయలేను, రెట్టించకు.

నీ పరీక్ష మాత్రం ఆదివారంతో తెమల్లేదు. మొదటి ఆదివారం చీకటి పడేదాకా పట్టుబట్టి కూర్చున్నా రాలేదు. గోడకేసి కొడతారేమో అనుకున్నాను. కొట్టలేదు. డబ్బాని చెవి దగ్గర పెట్టుకుని, ఒక్కో నాలుకా నొక్కి వింటూ కూర్చున్నారు. పళ్ళ డాక్టరు పుప్పిపన్ను చూసినట్టు వంగి చూసి, "ముందు ఎడమది నొక్కండి" అని సలహా ఇచ్చాడు. ఆయన డబ్బాని ఒళ్ళో దాచేసుకున్నారు. అందరం నవ్వాం. ఆయన కూడా నవ్వారు, అత్తా! ఆ నవ్వు చూసి ఎన్ని నెలలైందో. నేను వంటింట్లోకి వెళ్ళి కాసేపు పంపు తిప్పి ఉంచాను.

మొన్న ఆదివారం మావాళ్ళు వచ్చేసరికి కుర్చీలన్నీ సర్ది ఆయన ముందే కూర్చుని ఉన్నారు. డబ్బా తెరుచుకుంది. బస్సు డ్రైవరు ఆనందం పట్టలేక పాచికలు కిటికీలోంచి విసిరేశాడు, ఇంకా ఒకటి దొరకలేదు. కానీ పెట్టె తెరుచుకోగానే ఆయన మళ్ళీ లేచిపోతున్నారు. పెట్టె కోసం వస్తున్నారు గాని మా కోసం రావడం లేదు. నాకు కావలసింది అది కాదు.

డబ్బా తిరిగి పంపుతున్నాను. ఆయనే కట్టారు.

మేకు


జూలై 30

మేకూ,

డబ్బా అందింది. తోక కుడివైపు ఉంది.

నేనే ఎప్పుడో కట్టి మర్చిపోయానేమో అనుకున్నాను. చేతిలో పెట్టుకుని పొద్దుటి కాఫీ చల్లారిపోయేదాకా చూశాను. నేను అటు కట్టను, నా చెయ్యి అటు పోదు. ఆ ముడి తెలిసినవాళ్ళం ముగ్గురం. మా నాన్న పోయాడు. నేనిక్కడున్నాను.

పురికొసమీద పంటిగాట్లున్నాయి. కొట్టులో అందరికంటే చురుకైన చేతులు వాడివి. వాడు పళ్ళతో ఎందుకు కట్టాడు?

నీ మొదటి ఉత్తరం మళ్ళీ తీశాను. మాట్లాడటం కష్టం అన్నావు. కుడిచెయ్యి సాయం రాదన్నావు. చదివే పనున్నవి వద్దన్నావు. అన్నీ నువ్వే రాశావు, నేను పెళ్ళివారి కళ్ళజోడు పెట్టుకుని చదివాను.

నా తమ్ముడికి ఏమైంది? కథ వద్దు. ఏమైందో రాయి.

అత్త


ఆగస్టు 5

అత్తా,

చలికాలంలో వేలం హాల్లో, పాట మధ్యలో పడిపోయాడు. ఏదో పెద్ద అద్దాల బీరువా. రెండోసారి అన్నాడట, ఆ తరవాత మాట రాలేదట. అది ఆయన ఆటే అనుకుని జనం నవ్వుతూ చూశారట, మూడోసారి కోసం.

పక్షవాతమన్నారు, ప్రాణానికి ప్రమాదం లేదన్నారు. కాలు తిరిగి వచ్చింది. కుడిచెయ్యి సగం వచ్చింది. మాట రాలేదు. మనం చెప్పేది అర్థమవుతుంది, లోపల మాట ఉంటుంది, నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. చదవడం, రాయడం కూడా పోయాయి. మా కొట్టు అక్షరాల బోర్డు ఇంటికి తెచ్చి చూపించాను. పెద్ద అక్షరం వైపు చాలాసేపు చూసి, బోర్డుని గోడవైపు తిప్పేశాడు. అద్దం చూడటం కూడా మానేశాడు. పడటం లేదని రాశానే, అది అబద్ధం కాదు.

నీకు రాస్తానంటే నా చెయ్యి పట్టుకుని ఆపేశాడు. నాలుక చూపించాడు, నీ ఫోటో చూపించాడు, తల అడ్డంగా ఊపాడు. ఎన్నిసార్లు అడిగినా అదే. నీ దగ్గర ఆయనకున్న ఆస్తంతా ఆ నోరే కదా అత్తా. నిన్ను నవ్వించే నోరు. అది లేకుండా నీ ముందు కూర్చోవడం ఆయన వల్ల కాదు. నేను మాట ఇచ్చేశాను.

నా స్నేహితులంటే ఆయనకి ఎంత ఇష్టమో నీకు తెలీదు. ఇంతకుముందు ఆదివారం నేను కథ మొదలుపెడితే పక్కగదిలోంచి వచ్చి లాక్కునేవాడు. రాక్షసుడి గొంతూ ఆయనదే, రాకుమారి గొంతూ ఆయనదే. ఇప్పుడు వాళ్ళ నవ్వులు వినపడితే తలుపేసుకునేవాడు. ఆట ఆపేద్దామనుకున్నాను. ఆపితే ఆ తలుపు ఇక తెరుచుకోదనిపించింది.

కత్తెర రోజున ఆయన వచ్చింది ముడి విప్పడానిక్కాదు, మొదట. గుమ్మంలోంచి అరుపు వినపడింది. మాట కాదు, అరుపే. కొట్టు ముడికి కత్తెర పెడుతోందని. ఆ తరవాత తోక ఎటుందో చూశాడు. నీదని అప్పుడే తెలిసిపోయింది. ఆ పురికొస ఇప్పటికీ ఆయన దిండు కిందే ఉంది.

రెండో డబ్బా కట్టి ఇచ్చినప్పుడు తోక సంగతి నాకు తట్టలేదు. నిజంగా మర్చిపోయానో, మర్చిపోయినట్టు ఊరుకున్నానో, నాకే తెలీదు. మాట ఇచ్చింది నేను, ముడి కాదు కదా.

కోపమొస్తే నన్ను తిట్టు. ఆయన్ని ఏమీ అనకు.

మేకు


ఆగస్టు 12

మేకూ,

ఏడ్చాను. అది అయిపోయింది. ఇక విను.

నోరు పోయిందని నా దగ్గర దాచాడా! పిచ్చి సన్నాసి! వాడి మాట నేను విని ఎన్నేళ్ళయిందనుకున్నావు?

పోయినసారి వచ్చినప్పుడు వరండాలో కూర్చోబెట్టి సాయంత్రమంతా వేలం కబుర్లు చెప్పాడు. ఒక్క ముక్క వినపడితే ఒట్టు. వాడి చేతులు చూశాను. కనుబొమలు పైకెళ్ళినప్పుడు "ఆఁ" అన్నాను, భుజాలు కదిలినప్పుడు నవ్వాను. మళ్ళీ చెప్పరా అని ఒక్కసారి కూడా అనలేదు. ఇంత చెవిటిదాన్నయ్యానని తెలిస్తే నాతో కబుర్లు మానేస్తాడని భయం. ఫోను వద్దు, ఉత్తరాలే రాయమని నేను పోరింది కూడా అందుకే. కాస్త మందగించాయని రాస్తాను గానీ, అసలు పూర్తిగా పోయాయి. నా తమ్ముడు నన్ను నవ్వించింది చేతులతోనూ కనుబొమలతోనూ. ఒక చెయ్యీ రెండు కనుబొమలూ ఇంకా ఉన్నాయి కదా? నాకు సరిపోతాయి. వాడికి నోరు లేదు, నాకు చెవుల్లేవు. ఇంత సరిజోడు ఊరంతా వెతికినా దొరకదు.

ఇదంతా వాడికి చదివి వినిపించు. పిచ్చి సన్నాసి అన్నది కూడా.

మీ ఇంటి గడప తొక్కనన్నాను గదూ? ఆ మాట రాసింది బాగున్న తమ్ముడికి, వీడిక్కాదు. వచ్చే ఆదివారానికి దిగుతున్నాను. మీ బల్ల దగ్గర నాకో కుర్చీ వెయ్యి, నాకేం వేషమిస్తావో నీ ఇష్టం, ముసలి మంత్రగత్తెగా మాత్రం వెయ్యకు. పచ్చపెట్టె తెస్తున్నాను. కూలీకి ఎంతైనా సరే, దాన్ని సామాన్లలో పడెయ్యను, నా పక్కనే పెట్టుకుంటాను. అమ్మలేదని వాడికి ముందే చెప్పకు. ఆ మొహం నేను చూడాలి.

అత్త


ఆగస్టు 29

అత్తా,

నువ్వు క్షేమంగా చేరానని రాసిన కార్డు అందింది. నువ్వెళ్ళిన తరవాత ఇల్లు బోసిగా ఉంది. దర్జీ ఆవిడ రోజూ వచ్చి "పెద్దావిడ మళ్ళీ ఎప్పుడొస్తుంది?" అని అడుగుతోంది. కొట్టు ముడి నేర్పావు కదా, ఇప్పుడు కుట్టిన బట్టలన్నీ అలాగే కట్టి ఇస్తోందట. తోక ఎటు పెట్టాలని అడిగితే, రెండువైపులూ మీ ఇంటివే గనక నిటారుగా పెడుతున్నాను అంది.

పచ్చపెట్టె చూసినప్పుడు నాన్న మొహం నాకు జన్మలో మరుపు రాదు. నీవైపు వేలు చూపించి, పెట్టెవైపు చూపించి, మళ్ళీ నీవైపు. "అవునురా, అబద్ధం చెప్పాను, ఏం చేస్తావు?" అన్నావు నువ్వు. ఆ తరవాత ఎంతసేపో మీరిద్దరూ పోట్లాడుకున్నారు, అత్తా. ఒక్క మాట లేకుండా అంత పోట్లాట నేనెక్కడా చూడలేదు. మా కత్తివీరుడు మధ్యలోకి వెళ్ళబోయి కూర్చుండిపోయాడు.

చిన్నప్పుడు అది ఎందుకు లొంగలేదో నాకు మొన్న తెలిసింది. నువ్వు పక్క గడియలు రెండూ రెండు చేతులా నొక్కి పట్టుకుంటేగాని మూత వెంట్రుకవాసి లేవలేదు. ఆ సందులోంచి నాన్న ఎడంచేత్తో రేకుముక్క దూర్చి లోపలి కొక్కెం నెట్టాలి. మూడు చేతుల పెట్టె అది. మీరేమో ఎప్పుడూ వంతులేసుకుని, ఒకరిని చూసి ఒకరు ఎద్దేవా చేసుకుంటూ, ఎవరికి వాళ్ళే కుస్తీ పట్టారు. లోపల చూస్తే ముత్యాలూ లేవు, గుళ్ళూ లేవు. తాళంచెవి! ఆ పెట్టె ఆసామీ ఎవరో చెవి లోపల పెట్టి మూతేసేశాడు. మీరు ఊపి ఊపి విన్న గలగల ఆ చెవిదేనని తెలిసి పళ్ళ డాక్టరు నవ్వి నవ్వి కుర్చీలోంచి జారాడు.

అసలు ఈ ఉత్తరం రాస్తున్నది వేరే సంగతి కోసం. నువ్వున్నప్పుడే చెప్పాలనుకుని, నీ మొహం చూసి చెప్పలేకపోయాను.

మూత తెరుచుకోగానే నువ్వు పెట్టెలోకి తల దూర్చి వెతకడం మొదలుపెట్టావు. అప్పుడు నాన్న లేచి నిలబడి ఎడమ అరచెయ్యి బల్లమీద కొట్టాడు. "ఒకటోసారి" అన్నాడు. అత్తా, మాట! మళ్ళీ కొట్టాడు, "రెండోసారి" అన్నాడు. అక్కడ ఆగాడు. హాల్లో ఆగింది అక్కడే కదా. పళ్ళు బిగించి, కళ్ళు మూసుకుని, బల్ల విరిగేట్టు కొట్టాడు. "మూడోసారి!"

బస్సు డ్రైవరు కళ్ళు తుడుచుకుంటూ "పెట్టె నాదే, నాదే" అని అరిచాడు. నాన్నని చూసే డాక్టర్ని అడిగితే, మామూలు మాటలు పోయినా నోటికి బాగా పట్టినవి ఇలా ఒక్కోసారి బయటికొస్తాయి, ఎక్కువ ఆశ పెట్టుకోకండి అన్నారు. నేను పెట్టుకోను. కానీ పోయిన ఆదివారం పెట్టె ఏదీ లేకుండానే వచ్చి కూర్చున్నాడు. కథలో రాక్షసుడి వంతు వచ్చినప్పుడు నావైపు చెయ్యి చాపాడు, నాకివ్వు అన్నట్టు. మాటల్లేని రాక్షసుడు. మేం నిజంగానే భయపడ్డాం.

నాకు ఒక్కటే బాధ. అన్ని నెలల తరవాత వచ్చిన ఆ మాట నీకోసం వచ్చింది. నువ్వొక్కదానివే వినలేదు. తల కూడా ఎత్తలేదు.

మేకు


సెప్టెంబరు 6

మేకూ,

వినలేదు. నిజమే.

కానీ తల పెట్టెలో ఉందిగాని మోచేతులు మీ బల్లమీదే ఉన్నాయి. ఒకసారి అదిరింది. కొట్టులో రేకు అలాగే అదిరేది. రెండోసారి అదిరింది. తరవాత ఊరుకుంది. ఎంతసేపో ఊరుకుంది. ఒరేయ్ కొట్టరా, కొట్టరా అని లోపల్లోపలే అరుస్తూ, ఆ చీకట్లో ఆ పాత పెట్టె అడుగుని పట్టుకుని ఉండిపోయాను. అప్పుడు మూడోసారి అదిరింది.

తల ఎత్తలేదన్నావు. ఎత్తితే నా మొహం చూసి వాడు ఏడుస్తాడు. వేలంపాటగాడు ఏడిస్తే సరుకు అమ్ముడుపోదని వాడే నాకు చెప్పాడు, ఎప్పుడో, నాకు వినపడే రోజుల్లో.

ఇంకో డబ్బా పంపుతున్నాను. తోక ఎడమవైపు ఉంది. నువ్వు ముట్టుకోకు, వాడికివ్వు.

అత్త